పెళ్లి కాకుండా పాడిన వీడ్కోలు

ముంబయి,
2 ఫిబ్రవరి

ప్రేమగల బాపుకు,

నీ సోని దండాలు. ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. కోపమొస్తే రానీ, చివరిదాకా చదువు.

పద్నాలుగున చందూలాల్‌తో నిశ్చితార్థానికి నేను రావడం లేదు. ఆ రోజే ఇక్కడ మా ఒపేరా మొదటి ప్రదర్శన. కథంతా పాటలోనే నడిచే ఇటలీవాళ్ల నాటకం అది. మైకు ఉండదు, చివరి వరుసదాకా గొంతే పోవాలి. ఆరేళ్లు గుంపులో నిలబడి పాడాను. ఇప్పుడు నాయిక పాత్ర నాది. పెళ్లయ్యాక స్టేజీ ఎక్కొద్దని అతను పెట్టిన షరతుకు నువ్వు సరేనన్నావట. నన్నొక్క మాట అడిగావా?

అసలు నొప్పి ఎక్కడుందో చెప్పనా? లాలక్క పెళ్లిలో ఉంది. మన తండాలో పెళ్లికూతురు అయినవాళ్ల మెడ పట్టుకుని, ఏడుస్తూ ఢావ్లో పాట పాడి సెలవు తీసుకోవాలి కదా. అక్కకు జ్వరమొచ్చి గొంతు పూడుకుపోయింది. పన్నెండేళ్లదాన్ని, ఆగలేక నీ మెడ పట్టుకుని నేనే అందుకున్నాను. పెళ్లికాని పిల్ల ఆ పాట పాడకూడదని నాకేం తెలుసు? అరిష్టమని ముసలమ్మలు నోళ్లు నొక్కుకున్నారు. నువ్వు నన్ను విదిలించేసి, "నోర్ముయ్! నీ గొంతు మళ్ల నా ఇంట్ల వినబడొద్దు" అన్నావు.

పదహారేళ్లయింది బాపూ. ఇప్పటికీ పాడబోయే ముందు ఆ మాటే వినిపిస్తుంది. ఏడుస్తూ కూడా రాగం తెగకుండా ఊపిరి పట్టడం మన ఆడవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. నాకెందుకు సిగ్గు?

కూతురు లేదనుకున్నా సరే, నేను పాడతాను.

నీ మొండిఘటం,
సోని

కొత్తగూడెం,
9 ఫిబ్రవరి

బిడ్డా సోనీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. కోపమొచ్చింది, అబద్ధమెందుకు. బొగ్గుబాయిల దిగినంక గూడ పోలే.

అరిష్టం గిరిష్టం నేనెన్నడు నమ్మలే. లాలి పెండ్లిల అప్పటిదాక నా కంట్ల చుక్క నీళ్లు రాలే. నువ్వు అందుకున్నవు సూడు, పందిట్ల ఎక్కెక్కి ఏడ్చిన. నా భుజం మీద మొఖం పెట్టుకున్నవ్, నువ్వు సూడలే. నాతోటి పనిచేసేటోళ్లు కిసుక్కున నవ్విండ్రు. ఆ సిగ్గు పసిపిల్లవైన నీ మీద తీసిన. తప్పు నాది బిడ్డా.

చందూలాల్‌కు చెప్పిన: "నా బిడ్డ పాడుతది. ఇష్టమైతే టికెట్ కొనుక్కొని విను, లేకుంటే వేరే పిల్లను సూస్కో." ఆ పిలగాడు మళ్ల ఫోన్ చెయ్యలే. పోనీ.

సెలవు పెట్టిన. మీ అమ్మ, నేను రైలెక్కుతున్నం. ఆ భాష నాకు ముక్క తెల్వదు, అయినా ముందు వరుసల్నే కూసుంట. ఏడుపొస్తే ఏడుస్త. నువ్వు మాత్రం నా దిక్కు సూడకు, రాగం తప్పుతవ్.

నీ బాపు,
లాల్‌సింగ్