కాలిన బీడులో నీలి పిట్ట

ఖానాపురం హవేలి, ఖమ్మం
ఫిబ్రవరి 1988

ప్రియమైన మీకు,

పన్నెండేళ్లుగా అడగాలనుకుంటూ అడగని మాట ఒకటుంది. ఆ రోజు నేను పిట్టను చూసి బీడులోంచి పరుగెత్తుకొచ్చి చెబితే, మీరు ఎందుకు ఆశ్చర్యపోలేదు?

కారేపల్లి అవతల, అడవి అంచున ఉన్న పశువుల ఫారంలో మీరు డాక్టరు. నేను ఎమ్మెస్సీ చదివి, పరిశోధన సగంలో వదిలేసి మీ వెంట వచ్చినదాన్ని. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే వచ్చాను. అందుకే ఎవరి మీదా కోపం చూపించలేక మాటే మానేశాను. వంట చేసేదాన్ని, కిటికీ దగ్గర కూచునేదాన్ని. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, కొత్త గడ్డి కోసం పడమటి బీడు కాల్చారు, అటు నడిచి రారాదూ అన్నారు మీరు. వెళ్లాను. కాలిన మోడు మీద నీలిరంగు ఫ్లైక్యాచర్. ఎగిరే పురుగును గాలిలోనే పట్టి మళ్లీ అదే మోడు మీద వాలుతోంది. చలికాలంలో, అదీ కొండల మీది చిక్కటి అడవిలో, ఎప్పుడో గాని కనబడని పిట్ట పశువులు మేసే బీడులో ఉంది. రెక్క మీద బూడిదరంగు పట్టీ ఒకటి. పుస్తకాల్లో ఎక్కడా లేని ఆ పట్టీతో సహా బొమ్మ గీసి పక్షుల సంఘానికి పంపాను, వాళ్లు అచ్చు వేశారు. అది చూసుకున్నాకే నేనింకా దేనికో పనికొస్తాననిపించింది. కాలేజీ ఉద్యోగానికి అర్జీ పెట్టి, ఇలా ఖమ్మం వచ్చి ఉండే ధైర్యం ఆ పిట్ట ఇచ్చిందే.

మొన్న సంతలో జంపక్క అనే ఆమె, జిగురుబంక పూసిన పుల్లలతో పట్టిన పిట్టలను అమ్ముతోంది. వాటి రెక్కలకు బూడిద రుద్దుతుంటే ఎందుకని అడిగాను. "బంక పోవాలె గదమ్మా. బూడిద పెట్టకుంటే రెక్కలు అతుక్కపోతయ్. నువ్వు మొఖానికి పౌడరు రాసుకుంటలేవా, గిదీ గంతే" అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెక్క మీద సరిగ్గా అదే పట్టీ.

మన ఫారంలో పశువులు కాసే బొజ్జయ్య కూడా బంకపుల్లలు పెట్టేవాడు. నా పుస్తకంలో ఆ పిట్ట బొమ్మ అంతకుముందే మీరు చూశారు. అటు వెళ్లమన్నదీ మీరే. నా మీద జాలిపడి, పట్టించి వదిలారా? సంఘంవాళ్లు రాష్ట్రంలోని పక్షుల మీద పుస్తకం వేస్తున్నారట, నా పిట్టను చేర్చవచ్చా అని అడిగారు. జవాబివ్వాలి. నిజం రాయండి. నన్ను బాధపెట్టకూడదని మాత్రం ఏమీ రాయకండి.

మీ
నిర్మల


భద్రాచలం

నిర్మలా,

నీ ఉత్తరం చదివి ఈ పూట దవాఖానాకు పోలేదు.

పట్టించాను. బొజ్జయ్యకు నీ పుస్తకంలో బొమ్మ చూపించి, ఇలాంటిది దొరుకుతుందా అని అడిగాను. "వాగు పక్కన రెండు తిరుగుతున్నయ్ సారూ. అమ్మగారు కూరొండుతదా ఏంది" అన్నాడు. ఆ పొద్దున నిన్ను పడమటికి పంపింది, నువ్వు లేనప్పుడు అతను తెచ్చే సంచి అందుకుందామని. కొట్టం వెనక చెట్టు మీద వదిలి, నువ్వొచ్చాక ఏమీ ఎరగనట్టు చూపిద్దామనుకున్నాను. సంచి నా చేతిలో ఉండగానే నువ్వు పరుగెత్తుకొచ్చావు. చూశాను, చూశాను అంటూ ఊపిరి తిరక్కుండా చెప్పావు. అన్ని నెలల తరువాత నీ గొంతు అలా వినడం. ఇక నా సంచిలో ఏముందో ఎలా చెప్పను? ఆశ్చర్యపోయే తీరిక నాకెక్కడిది, సంచి కదులుతుందేమోనని భయపడుతున్నాను. నువ్వు లోపలికి వెళ్లాక సంచి మూతి విప్పితే పిట్ట అడవివైపు పోయింది.

నువ్వు చూసింది రెండోది. దాని రెక్క మీది బూడిద కాలిన బీడుదే అయ్యుంటుంది. అంతకుమించి నాకు తెలియదు.

నీ
వెంకటనారాయణ


ఖానాపురం హవేలి, ఖమ్మం

ప్రియమైన మీకు,

మీ జవాబు చదివి మొదట నమ్మాను. అన్నం తినేలోగా నమ్మకం పోయింది. ఒకే పొద్దున మీ చేతిలో ఒకటి, నా కళ్ల ముందు ఒకటి. నా క్లాసులో ఏ పిల్లయినా ఇలా చెబితే కూర్చోమంటాను. అయినా అబద్ధమాడదలిస్తే, పట్టించనే లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా. సంచి సంగతి ఎందుకు ఒప్పుకుంటారు? కొంత ఒప్పుకుంటేనే మిగతాది నమ్ముతానని ఒప్పుకున్నారేమో. చూశారా, ఇన్నేళ్లు మీతో కాపురం చేసి కూడా నా బుద్ధి ఎలా పోతోందో.

బొజ్జయ్యను అడుగుదామని బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. అతను మీ మాటే చెబితే మీరు నేర్పారనుకుంటాను. వేరే చెబితే మరిచిపోయాడనుకుంటాను.

సంఘానికి రాశాను. పిట్టను చూసిన మాట నిజమని, రెక్క మీది పట్టీ బూడిద కావచ్చునని, అదే రోజు అక్కడ అలాంటి పిట్టను పట్టి వదిలారు కనుక నాదాన్ని చేర్చవద్దని. మీ పేరు రాయలేదు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసేటప్పుడు ఏడుస్తాననుకున్నాను గాని, మర్నాటి పాఠం గుర్తొచ్చి జల్దీ ఇంటికొచ్చాను. ఆ ఉద్యోగం నాదేనని అప్పుడు తెలిసింది.

తేల్చుకోలేనిది వేరే ఉంది. మీరు రాసింది నిజమైతే, ఆ పిట్ట ఎవరూ తేకుండానే నా ముందుకు వచ్చింది. అబద్ధమైతే, నా కోసం మీరు తెచ్చారు, ఇప్పటికీ అది నేను కనుక్కున్నదేనంటున్నారు. ఈ రెంటిలో ఏది నిజం కావాలని కోరుకుంటున్నానో, నాకే తెలియడం లేదు.

మీ
నిర్మల