సైలెన్సర్ పక్కన పోయే వైరు

రాజన్నా,

నువ్వు లేబర్ క్యాంపులో నిద్రలోనే పోయి నేటికి ఏడాది. ఇవాళే నువ్వు రిపేరు చేసే ఆ పాత అమెరికా బండి మళ్లీ నువైద్రాత్‌లోని మన గ్యారేజీకి వచ్చింది. ఎవరో స్టార్టర్ మార్చి, బ్యాటరీ నుంచి దానికి వెళ్లే లావు వైరును సైలెన్సర్ పైపుకు ఆనించి వదిలేశారు. పైతొడుగు కరిగి రాగి కనిపిస్తోంది. చూడగానే నీ మాట గుర్తొచ్చింది.

"ఈ వైరుకు ఫ్యూజు ఉండది తమ్మీ. ఇనుముకు తాకిందంటే బండి అంటుకుంటది," అని పని నేర్పేటప్పుడు చెప్పేవాడివి.

కొత్త వైరును పైపుకు దూరంగా, బండి అడుగునున్న ఛాసిస్ వెంట తిప్పి క్లిప్పులు బిగించాను. ఇంజన్ ఊగినా లాగకుండా కాస్త వదులు ఉంచాను. అయినా తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. ఎలాగో తిప్పాను. ఇంజన్ అందుకున్న కాసేపటికి కింద నుంచి పొగ లేచింది. బయటికి దూకేశాను. తీరా చూస్తే పైపు మీద పడిన ఆయిల్ మాడుతోంది, అంతే.

బండి యజమాని, ఆ ముసలి అరబ్బు, నవ్వలేదు. "మనవరాలిని ఎక్కించుకుని అవాలి ఊరికి పోవాలి. పోవచ్చా భాయ్?" అని అడిగాడు. నేను మళ్లీ వంగి వైరు కేసి చూశాను.

"అయితే ముందు నువ్వు ఎక్కు. యల్లా, పద," అన్నాడు.

ఇద్దరం అవాలి దాకా వెళ్లివచ్చాం. దారంతా కాళ్ల కింద రేకు వేడెక్కుతోందేమోనని తడుముతూ, రబ్బరు వాసన వస్తోందేమోనని పీలుస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు.

పని అయిన ప్రతి బండిలోనూ నువ్వు ఒక చుట్టు తిరిగొచ్చేవాడివి. షోకనుకున్నాను. నీకూ ఇంత భయమేనా అన్నా?