రెండు జిల్లాల ప్రాసిక్యూటరు

జూలై 3, 2004

తాడేపల్లిగూడెం వెళ్లొచ్చాను. లా కాలేజీలో నాచేత మాట్లాడించారు. ఐరోపా దేశాలన్నిటికీ కలిపి ఒకే పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉండాలన్న ఆలోచన గురించి. ఆ దేశాల ఉమ్మడి సొత్తు కాజేసినవాడు సరిహద్దు దాటాడంటే ఏ దేశపు ప్రాసిక్యూటరుకూ అందడు. అందుకని అన్ని దేశాలకూ పైన ఒకరు. కానీ ఆయన్ని నియమించేది ఎవరు? ఆయన జవాబు చెప్పుకోవాల్సింది ఎవరికి? ఏ దేశపు కోర్టులో, ఏ సాక్ష్య చట్టం ప్రకారం? ఇన్ని చిక్కులున్నా అలాంటి మనిషి కావాలి అన్నాను.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి - "మనకెందుకండీ మేడమ్ ఆ గొడవ?"

"కొల్లేరు వెళ్లి చూడమ్మా. ఈ గట్టు మీద కొట్టి ఆ గట్టు మీద పడేస్తే, రెండు జిల్లాల పోలీసులూ మాది కాదంటారు."

చప్పట్లు. ఏలూరు దాకా బస్సులో అవే వినిపించాయి.

జూలై 9

మా సీనియర్ మూర్తి గారు ఫైలు చేతికిచ్చి - "ఇది నువ్వే వాదించు షమీమ్." మొదటిసారి. ఇన్నాళ్లూ వాయిదాలు అడగడమే నా పని.

కొల్లేరు కేసు. వెంకన్న అనే జాలరిని చేపల చెరువు కాపలావాళ్లు కొట్టారు. కొట్టింది మన జిల్లాలో. శవం దొరికింది కృష్ణా జిల్లాలో, కలిదిండి వైపు. చెరువు యజమాని మన క్లయింటు. ఇలాంటి సరస్సు కేసులన్నిటికీ, రెండు జిల్లాలకూ కలిపి ప్రభుత్వం ఈమధ్యే ఒక స్పెషల్ ప్రాసిక్యూటరుని వేసింది - ప్రకాశరావు గారు.

"ఆయన్ని ఆపితే కేసు ఆగుతుంది. గూడెంలో ఏవో చిక్కులు చెప్పావటగా... అవే రాసెయ్."

నవ్వాను. సరేనండీ అన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

జూలై 12

పిటిషన్ బాగా వస్తోంది. ఎవరు నియమించారు, ఎవరికి జవాబుదారీ, ఏ జిల్లా కోర్టులో నిలబడే అధికారం... అన్నీ ఉన్నాయి. "అయినా అలాంటి మనిషి కావాలి" అన్న వాక్యం ఒక్కటే లేదు.

జూలై 19

నాన్న నల్లకోటు ఇస్త్రీ చేసి ఇచ్చారు. ఊళ్లో సగంమంది వకీళ్ల కోట్లు ఆయన కుట్టినవే. కూతురు వాదించే రోజని షాపు తాళం వేసి వస్తానన్నారు. వద్దన్నాను. వద్దన్నందుకు ఇప్పుడు సంతోషం.

కోర్టు వరండాలో వెంకన్న భార్య నాంచారమ్మ. కోటు వేసుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. లేచి దగ్గరికొచ్చింది.

"మా కేసు చూసేది మీరేనాండీ?"

ఆ కేసే. ఔనన్నట్టు తలూపాను. ఎటువైపో చెప్పలేదు. చెప్పబోయాను... ఆమె నా చెయ్యి పట్టేసుకుంది.

"వల ఇచ్చేయండి బాబూ, వెళ్లిపోతానన్నాడంటండీ మా ఆయన. వల చూపించి దగ్గరికి పిలిచి కొట్టారంటండీ. ఆ స్టేషనుకెళితే ఇటు పొమ్మన్నారు, ఇటొస్తే అటు పొమ్మన్నారు. ఇప్పుడు రెండింటికీ కలిపి మిమ్మల్ని వేశారంట కదాండీ... ఇక బెంగ లేదండి."

"కూర్చోండి" అన్నాను. అంతే అన్నాను. లోపలికెళ్లి వాదించాను.

గొంతు వణకలేదు. వణికినా బాగుండేది.

అయ్యాక ప్రకాశరావు గారు నా బల్ల దగ్గర ఆగారు. కోపం లేదు ఆయన ముఖంలో. "మీరు లేవనెత్తినవన్నీ అసలైన ప్రశ్నలేనమ్మా. కాకపోతే వాటికి జవాబు దొరికేదాకా ఆవిడ ఎక్కడికెళ్లాలి?"

జూలై 26

గెలిచాం. ప్రకాశరావు గారి అధికారం సంగతి హైకోర్టు తేల్చేదాకా విచారణ నిలిపేశారు. మూర్తి గారు అందరికీ కాజాలు పంచారు.

జడ్జిగారు ఇంగ్లీషులో చదువుతున్నంతసేపూ నాంచారమ్మ నా వంకే చూసింది. నా చుట్టూ అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

పక్క గుమ్మంలోంచి బయటపడ్డాను.

జూలై 27

కోర్టుకి వెళ్లలేదు. జ్వరమని కబురంపాను. అమ్మ నుదురు ముట్టుకుని చూసింది - "జ్వరమేదే?"

జూలై 30

ఏ వకీలు పని ఆ వకీలుది. నిందితుడి తరఫున వాదించడం తప్పు కాదు. ఎవరడిగినా నేనే ఆ మాట చెబుతాను. వాదన గురించి కాదు ఈ మంట. ఆ చెయ్యి... ఎంతసేపు పట్టుకోనిచ్చాను.

ఆగస్టు 2

నాన్న షాపులో, కర్టెన్ వెనక ఉన్నాను. బయట మాటలు.

"షమీమ్ మేడం గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఆయ్, మా అమ్మాయేనండి. కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగండి."

"మళ్లీ ఎప్పుడు రమ్మంటారో అడుగుదామనండి. మా ఊరి నుంచి పడవ, బస్సు... ముందే తెలిస్తే కూలి మానుకుంటానండి."

లోపలే ఉండిపోవచ్చు. లేనని చెప్పించొచ్చు. నాన్న పిలిచారు. వెళ్లాను.

నిలబడే చెప్పాను. నేను మీ వైపు కాదండీ. చెరువు ఆయన వైపు. కేసు ఆపించింది నేనే. ఆ రోజే చెప్పాల్సింది.

అర్థం కాలేదేమో అనుకున్నాను. అయింది. తిట్టలేదు. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది.

"ఆ రోజు కోర్టులో మీకు ఎదురు వాదించిన పెద్దాయన?"

"ఆయన్ని రావొద్దన్నారండీ, ఈ కేసుకి."

"అయితే మా వైపు ఎవరండీ ఇప్పుడు?"

మన జిల్లా ప్రాసిక్యూటరు శవం అవతల దొరికిందంటాడు. అవతలి జిల్లా ప్రాసిక్యూటరు దెబ్బలు ఇవతల తగిలాయంటాడు. నాకు తెలుసు. ఆ పిటిషన్ నేనే రాశాను కదా.

నాన్న ఆమెని కైకలూరు బస్సెక్కించి వచ్చారు. చీకటి పడేదాకా మిషన్ తొక్కుతూనే ఉన్నారు.

ఆగస్టు 3

మూర్తి గారికి చెప్పాను - ఈ కేసు నుంచి తప్పుకుంటానండీ.

పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "తప్పుకోమ్మా, నీ ఇష్టం. నువ్వు లేకపోయినా ఆర్డరు ఉంటుందిగా."

ఆగస్టు 5

ఉంటుంది.