అరగంట వెతికిన పెన్ను

సూపరింటెండెంటు గారికి,

ఆసుపత్రి గేటు వాచ్‌మన్ నమస్కరించి ఇచ్చుకుంటున్న సంజాయిషీ.

నిన్న మీటింగుకు వచ్చిన ఇద్దరు మేనేజర్లను అరగంట ఎందుకు నిలబెట్టావని అడిగారు. కార్డు చూపిస్తేనే దారి ఇచ్చే గేటు మిషను ఒకాయన కంపెనీది, లిఫ్టు మిషను రెండో ఆయన కంపెనీది. ఒకదాని గుర్తింపు కార్డు రెండోదానికి పనికిరాదు. రోగులు రెండేళ్లుగా మెడలో రెండేసి కార్డులు వేసుకుని తిరుగుతున్నారు. వీళ్లు మాత్రం పంతంకొద్దీ ఎవరి కార్డు వాళ్లే తెచ్చుకుని, ఒకాయన గేటు బయట, ఒకాయన లిఫ్టు ముందు ఆగిపోయారు.

“నేనెవరో నీకు తెలుసు కదయ్యా!” అన్నారు ఇద్దరూ.

“నాకు తెలుసండీ, మిషనుకే తెలియట్లేదు” అన్నాను.

కార్డు పనిచేయకపోతే రిజిస్టరులో సంతకం పెట్టించి పంపమని మీ ఆర్డరే ఉంది. పెన్ను దొరికేసరికి అరగంట పట్టింది. పైకి వెళ్లగానే రెండు మిషన్లకూ ఒకే కార్డు చేస్తామని ఒప్పుకున్నారట, నర్సమ్మ చెప్పింది.

పెన్ను ఎక్కడ దొరికిందో కూడా రాయమంటే రాస్తాను సార్. నా చొక్కా జేబులోనే.