ఆఖరి ఐదు నిమిషాల నీతి

అది కాదు మల్లక్కా, రెండున్నర గంటలసేపు తలలు నరికి, ఆఖరి ఐదు నిమిషాల్లో "కత్తులు వద్దురా నాయనా" అంటే అది నీతి ఎట్లా అవుతుంది? హీరో సీసా ఎత్తితే కింద చీమలంత అక్షరాల్లో తాగొద్దని రాస్తారు. కళ్ళద్దాలు పెట్టుకుని నేనది చదివేలోపల వాడు సీసా ఖాళీ చేసి పాట కూడా ఎత్తుకుంటాడు. ఇంక మన సీమ మనిషి తెర మీదికొస్తే తొడ కొట్టకుండా ఉండడు. యాభై నాలుగేళ్ళు వచ్చినాయి, నేను తొడ కొట్టుకున్నది దోమ కుట్టినప్పుడే.

కోపంలో క్షేమం రాయడమే మరచిపోయినాను. కోసిగి పక్కన ఇక్కడ మనుషులూ గొడ్లూ అందరం కులాసా. వేంపల్లెలో నువ్వూ నీ మోకాళ్ళూ బాగుండాలి. ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను అరిస్తే నువ్వు తప్ప ఊరంతా వింటుంది. అందుకే ఈ ఉత్తరం, మనవరాలితో చదివించుకో.

నువ్వు అడిగినవి: వాన పడలేదు. మన పిల్ల పవిత్ర వేళకు తింటోంది. జుట్టు కత్తిరించుకోలేదు, కానీ దానికి నూనె పెట్టడం లేదు. "సినిమా నీతి చెప్పేదైతే టికెట్ ఎందుకు పెడతారు?" అని రాయించినావు చూడు, అది ఖాసిం సాహెబ్‌కు చదివి వినిపిస్తే, "మీ అక్కను అసెంబ్లీకి పంపాల్సింది లేప్పా" అన్నాడు.

ఇంక అసలు సంగతి. పవిత్ర పనిచేసే సినిమా షూటింగ్ మన ఊరికే వచ్చింది కదా, పిల్లను ఇంట్లోనే ఆపేయి, మళ్ళీ హైదరాబాదు పంపొద్దు అన్నావు. మేము మిరపకోతలకు వలస పోయినప్పుడల్లా దాన్ని సాకింది నువ్వు. నీ మాట నాకు మాటే. మొన్న అదే చెప్పాలని వాళ్ళ టెంటు దగ్గరికి పోయినాను.

పోతే అక్కడ ఒకటే గందరగోళం. కథలో రెండు వర్గాలు. ఒక వర్గం మనిషిని ఇంకో వర్గం చంపేస్తుంది. శవాన్ని మోసుకుపోతుంటే ఎండిన వంక దగ్గర హీరో వచ్చి నాలుగు పేజీల ఉపన్యాసం ఇస్తాడు. కత్తులు వద్దని. అంతకు ముందు ముప్పై మందిని నరికినవాడు ఆయనే. శవం వేషం వేయాల్సిన మనిషి జ్వరమని రాలేదు. పాడె ఎక్కడానికి ఊర్లో ఇంకెవరూ ఒప్పుకోలేదు. బతికుండగా పాడె ఎక్కితే కీడు కదా. జనాన్ని కుదిర్చే పని మన పవిత్రది.

"శవం కూడా తేలేకపోతే నువ్వెందుకమ్మా? సాయంత్రం బండికి వెళ్ళిపో" అన్నాడు డైరెక్టరు.

పిల్ల కింది పెదవి కొరుక్కుంటూ నిలబడింది. చిన్నప్పుడు మేము బస్సెక్కుతుంటే నీ కొంగు పట్టుకుని అట్లే నిలబడేది.

సరే, శవం దొరికింది. ఎవరో తర్వాత రాస్తాను.

ఖాసిం సాహెబ్ చంపినోళ్ళ తండ్రి వేషం, ఈరేషు చచ్చినోడి అన్న. బొరుగులు చల్లుతూ ఊరంతా పాడె వెంట నడిచింది. వంక దగ్గర దించినారు. డైరెక్టరు "శానా బాగుంది" అన్నాడు. మన మాట అప్పటికే పట్టినాడులే. అన్నాలు తిని వస్తే మళ్ళీ ఇదే తీస్తామన్నాడు.

డైరెక్టరు వచ్చి చూస్తే వడ్డించిన విస్తర్ల ముందు ఒక్క మనిషి లేడు. ఊరంతా వంక పక్కన బోరు దగ్గర స్నానాలు చేస్తోంది. నాటకమని అందరికీ తెలుసు. అయినా పాడె వెంట పోయి వచ్చి, నీళ్ళు పోసుకోకుండా ఎవరు అన్నం ముట్టుకుంటారక్కా? పెట్టుడు మీసాలు, పూసిన రక్తం, అన్నీ కాలువలో పోయినాయి.

"మేకప్ అంతా కడిగేసుకున్నారు! ఇక నువ్వు బయల్దేరు" అని డైరెక్టరు పిల్ల మీద లేచినాడు.

పవిత్ర ఈసారి ఊరుకోలేదు. "పోతాను సార్. పోయేముందు ఒక్కసారి అక్కడ చూడండి."

బోరు దగ్గర చంపినోళ్ళ తండ్రి చెంబుతో ముంచి చచ్చినోడి అన్న తల మీద పోస్తున్నాడు. చెంబు చేతులు మారింది. ఈసారి ఈరేషు సాహెబ్ కాళ్ళ మీద పోసినాడు.

"మీ ఊళ్ళో నిజంగానే ఇలా చేస్తారా?" అని డైరెక్టరు అడిగినాడు.

"ఇంకెట్ల చేస్తారు సార్? ఊరికంతా బోరు ఒకటే ఉండాది" అన్నాడు సాహెబ్.

డైరెక్టరు ఆ ఉపన్యాసం నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుని, "ఆఖరి సీను ఇదే. అమ్మాయ్, నువ్వే దగ్గరుండి తీయించాలి" అన్నాడు పవిత్రతో! అక్కా, నాకు ఎగిరి గంతేయాలనిపించింది. గంతేసే వీల్లేదు. ముక్కులో దూది, కాళ్ళకూ చేతులకూ కట్లు. అవును, శవాన్ని నేనే. స్నానాల తొందరలో నన్ను విప్పడం మరచిపోయినారు. అదంతా వంక గట్టు మీద నుంచి, ఒక కన్ను తెరిచి చూసినదే.

నీ మరదలు ఇంకా నాతో మాట్లాడటం లేదు. పూటకోసారి దిష్టి మాత్రం తీస్తోంది. పిల్లను ఆపడానికి పోయినవాణ్ణి, పిల్ల పని ఆగకూడదని పాడె ఎక్కినాను. దాన్ని ఇంట్లో ఆపేయమని నేను చెప్పలేదు, చెప్పను కూడా. నువ్వు తిట్టేది ఉంటే నన్ను తిట్టు, కానీ ఈ సినిమా చూసినాక తిట్టు. టికెట్ నేనే కొంటాను.

ఇట్లు,
ఒకసారి పోయి, బతికే ఉన్న నీ తమ్ముడు
ఓబుళేశు

మరచిపోయినాను, మీసాలు కడిగేసుకున్నారు కాబట్టి ఈ పొద్దు పాడె సీను మళ్ళీ తీస్తున్నారు. హాల్లో నన్ను చూసి నువ్వు గట్టిగా ఏడవొద్దు. జాగ్రత్తగా చూస్తే నా కడుపు కదులుతూనే ఉంటుంది, ఎందుకంటే పవిత్ర నా చెవి దగ్గరికొచ్చి "ఊపిరి మాత్రం బిగబట్టొద్దు" అంది. ఆ మాటకు నేను

"నాన్నా! పాడె కట్టేసినారు, అందరూ నీకోసమే చూస్తాండారు, బిరీన రా!"

పవిత్ర బయటి నుంచి పిలుస్తోంది అక్కా. పోయి ఇంకొక్కసారి చచ్చి వచ్చి, మిగతాది