కాలువ నీళ్ళు ఎత్తొద్దన్న ఫోను

మైపాడు, ఆదివారం

చిరంజీవి పెంచలకృష్ణకు,

ఫోనులో నా మాట పూర్తి కానివ్వవు కాబట్టి రాస్తున్నాను.

మీ యూనివర్సిటీలో చేపల పెంపకం పాఠాలు చెప్పే ఆయేషాకు మెమో ఇచ్చినావని విన్నాను. గుంట నీళ్ళు చూసి రొయ్యల జబ్బు పసిగట్టే పరీక్ష ఆమె కనిపెడితే, దాన్ని కంపెనీగా పెట్టించింది నువ్వే. "డబ్బు కట్టినవాళ్ళకే ఫలితం చెప్పాలమ్మా, పరిశోధన అమ్ముడుపోతేనే అది ఆంట్రప్రెన్యూర్‌షిప్" అని నాకూ పాఠం చెప్పినావు.

పోయిన వారం ఖాదర్ బాషా గుంటలో, నీళ్ళతో పాటే పాకే తెల్లమచ్చ తెగులు బయటపడింది. ఇక్కడ డబ్బు కట్టింది అతనొక్కడే. కానీ అతను నీళ్ళు వదిలేదీ, మేమంతా మా గుంటల్లోకి మోటార్లతో ఎత్తుకునేదీ ఒకటే కాలువ. ఆయేషా ఆ కాలువ మీది రైతులందరికీ ఫోను చేసింది. అదే తప్పని మెమోలో రాసినావట.

నాకూ చేసింది. "అవ్వా, మోటారు ఆపించండి. కాలువ నీళ్ళు ఎత్తొద్దు" అన్నది.

"నేను డబ్బు కట్టలేదమ్మాయ్."

"ముందు ఆపించండి, తర్వాత తిడుదురుగాని."

ఆపించినాను. అప్పటినుంచి గట్టు మీదే తిరుగుతున్నాను. మన రొయ్యలు మేత బాగానే తింటున్నాయి, నాకే అన్నం సయించడం లేదు. ఆ పిల్ల ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో శుక్రవారం మీ సమావేశంలో తేలుతుందట.

సిఫారసు చేయడం నాకు అలవాటు లేదు, నీకు తెలుసు. డబ్బు కట్టకుండా ఫలితం విన్నవాళ్ళ పేర్లు మెమోలో ఉన్నాయట. అందులో వైస్ ఛాన్సలర్ తల్లి పేరు లేదు. నాకూ ఫోను చేసినట్టు ఆ పిల్ల చెప్పి ఉండదు. శుక్రవారం లోపల నా పేరు అందరికంటే పైన రాయించు.

మీ అమ్మ