నాగంపల్లి గుట్ట తోవ

నవంబర్ 9, 1965

మూడు రోజులుగా బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులోనే. కుర్చీ, ఫ్యాను, రిజిస్టర్లకు గీతలు. కాళ్ళు ఊరుకోవడం లేదు, బల్ల కింద తొక్కుతూనే ఉన్నాయి. ఎదురు సీటు గుమాస్తా — "ఏంది గంగారాం, కుట్టుమిషన్ తొక్కుతున్నవా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం మండింది. చెరకు ఫీల్డ్‌మన్‌కు కుర్చీ ఎందుకు? రేపు ఎట్లాగైనా ఊళ్ళ మీద పడాలి.

నవంబర్ 10

ఇరవై రెండు మైళ్ళు! పొద్దున్నే మహబూబ్ భాయ్ సైకిల్ దుకాణం తెరిపించి గాలి కొట్టించాను. పాత బ్రేకు రబ్బర్లు పీకేసి కొత్తవి వేశాడు. కాలువ గట్టు మీద మెత్తటి మట్టి... తర్వాత కంకర... తర్వాత ఎర్ర మొరం. ఎక్కు, దిగు, మళ్ళీ ఎక్కు. రెండు పక్కలా తలకు మించిన చెరకు. కంకర మీద వెనక చక్రం జర్రున జారితే ఒళ్ళు ఝల్లుమంటుంది. చెరకు మీద ప్రేమతో తిరుగుతున్నానని పైవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ.

నవంబర్ 13

నాగంపల్లి. ఏటా ఈ ఊరి చెరకే ఆలస్యం. కంకర సడక్ గుట్ట చుట్టూ తిరిగి పోతుంది — తొమ్మిది మైళ్ళు పోతే గానీ ఫ్యాక్టరీ తూకం వేసే కాంటా రాదు. అంతలో చెరకు ఎండి తూకం పోతుంది. సాయన్నతో మాట. రెండెకరాల రైతు, తన బండి మీద పక్కవాళ్ళ చెరకు కూడా తోలుతాడు. "గుట్ట మీదికెళ్ళి పాత తోవ ఒకటున్నది సారూ... మేకలు పోతయ్."

మేకలు పోతే నేనూ పోతాను.

నవంబర్ 14

పోయాను. అయిదు మైళ్ళలో కాంటా దగ్గర తేలాను! ఎక్కేటప్పుడు కొంచెం దూరం దిగి తోశాను, అంతే. అవతలి పక్క ఏటవాలు మొరం, నున్నగా, ఒక్క రాయి లేదు. దిగుతూ గట్టిగా అరిచాను కూడా. ఎవరూ లేరు గనక సరిపోయింది. మళ్ళీ వెనక్కి పోయి ఇంకోసారి దిగాను.

సాయంత్రం తోవల రిజిస్టరులో రాశాను: గుట్ట తోవ, అయిదు మైళ్ళు, బండ్లకు అనుకూలం. కింద సంతకం.

నవంబర్ 16

సూపర్‌వైజర్ సాబు భుజం తట్టాడు. "శాబాష్. గిట్లాంటోళ్ళనే పర్మనెంట్ చెయ్యాలె." మూడు సీజన్లుగా టెంపరరీ నేను. నిజామాబాద్‌లో అవ్వకు ఉత్తరం రాశాను. చింపేశాను. ఆర్డర్ చేతికి రానీ.

నవంబర్ 22

ఆఫీసు. కాళ్ళు...

నవంబర్ 27

నాగంపల్లిలో కోత చీటీలు పంచాను — కోత రోజు, బండి పోవాల్సిన తోవ. అందరికీ గుట్ట తోవే రాశాను. సాయన్న చీటీని అటూ ఇటూ తిప్పాడు. "దిగుడు గట్టిగుంటదేమో సారూ, లోడు మీద..."

"నేను దిగి చూసిన సాయన్నా. రెండుసార్లు."

"మీరు సూసిండ్రంటే గంతె."

డిసెంబర్ 1

బండి పడ్డది. సాయన్నదే, మొదటి బండి. దిగుడులో లోడు వెనక నుంచి తోసింది, ఎద్దులు ఆపలేక ఉరికాయి, మలుపులో బండి తిరగబడింది. ఎడమ పక్క దాపటెద్దు ముందుకాలు విరిగింది. సాయన్న మోచేయి చీరుకుపోయింది. నేను వర్ని ఊళ్ళ వైపు ఉన్నాను, సాయంత్రం తెలిసింది.

డిసెంబర్ 2

నాగంపల్లి పోయాను, సడక్ తోవనే. ఎద్దు లేవడం లేదు. పశువుల డాక్టరు వచ్చి తల అడ్డంగా ఊపి పోయాడట. ఊళ్ళో ఒకటే మాట — "తాగి తోలిండు." ఎప్పుడో తాగేవాడట, మానేసి ఆరేళ్ళు. తోవను మాత్రం ఎవరూ అనుమానించలేదు, సారు చూసిన తోవ కదా! నేను పక్కనే నిలబడి విన్నాను. సైకిలెక్కి వచ్చేశాను. సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 4

సైకిల్ కీచుమంటోందని మహబూబ్ భాయ్ దగ్గరికి. ముందు చక్రం తిప్పి చూసి నా మొహం చూశాడు. "నెల గూడ కాలే తమ్మీ. రబ్బర్ మొత్తం ఖతం, ఇనుము రాసుకుంటున్నది. ఏ పహాడ్ దిగినవ్ర బై?"

అప్పుడు తెలిసింది. గుట్ట దిగినంతసేపూ రెండు బ్రేకులూ పట్టుకునే ఉన్నాను. అది గుర్తు లేదు, అరిచింది గుర్తుంది. చెరకు బండికి బ్రేకులెక్కడివి? అంత బరువును ఆపాల్సింది ఎద్దుల మెడలే. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. సైకిల్ మీద ఉన్నప్పుడు మాత్రం బండి సంగతి తలపుకే రాలేదు. మనిషినేనా నేను.

డిసెంబర్ 5

సాబు ఒక కాగితం ముందుకు తోశాడు. బండివాడు తాగి తోలినందున ప్రమాదం జరిగినది అని టైపు చేసి ఉంది. కింద నా పేరు, సంతకానికి జాగా. "తోవది తప్పంటే నీది తప్పయితది. సమజైందా? నీ పర్మనెంట్ ఫైలు గూడ నా దగ్గర్నే ఉన్నది." వారం గడువు. పన్నెండో తారీకు తొమ్మిదింటికల్లా సంతకంతో రావాలి.

బయటికి వచ్చి సైకిల్ ఎక్కాను. ఎటో తెలియదు. నిజామాబాద్ సడక్ మీద సగం దూరం పోయి అవ్వ ముందు ఏ మొహంతో నిలబడాలో తెలియక తిరిగొచ్చాను.

డిసెంబర్ 8

ఒక్క ఎద్దే మిగిలిన రైతులు ఈ ఊళ్ళలో జోడి కడతారు. నీదొకటి, నాదొకటి. ఇవాళ నీ పొలం, రేపు నా పొలం. సాయన్నతో ఎవరూ కట్టడం లేదు. "తాగి తోలేటోని చేతికి ఎద్దునెట్లిస్తం సారూ?" — నాతోనే అన్నారు. అతని రెండెకరాలూ కోతకొచ్చి నిలబడి ఉన్నాయి.

చెప్పేశాను సాయన్నకు. తప్పు నాది, తోవ నేనే తప్పు రాసిన అని. చెబితే గుండె బరువు దిగుతుందనుకున్నాను. అతను పడుకున్న ఎద్దు నోటికి నీళ్ళ బకెట్ అందిస్తూనే ఉన్నాడు. "నాకెందుకు జెప్తున్నవ్ సారూ? నేను తాగలేదని నాకెర్క లేదా? ఊళ్ళె జెప్పు."

డిసెంబర్ 9

సంతకం పెట్టలేదు. చింపనూ లేదు. సాబు ఇచ్చిన కాగితం జేబులో ఉంది.

డిసెంబర్ 11

చావడి దగ్గర చెప్పాను. ఇరవై ముప్పై మంది. నిలబడి చెప్పాను. సాయన్న తాగలేదు, సైకిల్ మీద దిగి బండ్లకు పనికొస్తదని రాసింది నేను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. చివరికి పెద్దమనిషి రాజన్న — "మంచిది సారూ. మరి రేపు బండ్లు ఏ తోవల పోవాలె? సడక్ మీద పోతే చెరుకు ఎండవట్టె. గుట్ట తోవ మీరే వద్దంటిరి."

నా నోట్లోంచే వచ్చింది — సగం లోడు, బండి వెనక తాళ్ళు కట్టి నలుగురు పట్టుకోవాలె, మొదటి బండి ముంగట నేను నడుస్త. నడిచి చూసినంక రాస్త.

"మొదటి బండి ఎవలు కడ్తరు?"

"నాది," అన్నాడు సాయన్న, గోడ దగ్గర నుంచి. నా వైపు చూడలేదు. రెండో ఎద్దు ఎవరిస్తారని ఎవరూ అడగలేదు.

రాత్రికి రాజన్న ఇంటి అరుగు మీదే పడక.

డిసెంబర్ 12

తెల్లారింది. సాయన్న వాకిట్లో కూర్చుని రాస్తున్నాను. సగం లోడు ఎక్కించాము. బండి వెనక తాళ్ళు కట్టాము. కాడికి ఒక పక్క మిగిలిన వలపటెద్దు, రెండో పక్క ఖాళీ. తొమ్మిదింటికి బోధన్‌లో ఉండాలి నేను. సైకిల్ మీద ఇప్పుడు బయల్దేరినా అందుకోవచ్చు... సాయన్న భార్య చాయ్ ఇచ్చింది. సాయన్న వీధి వైపే చూస్తున్నాడు. భయంగా ఉంది నాకు, దిగుడు గురించి కాదు.

ఎవరో ఎద్దును తోలుకొస్తున్నారు. మలుపు దాకా వచ్చారు. ఎద్దుకు నీళ్ళు పట్టడానికైతే అక్కడే పక్కకు తిరగాలి, ఈ వాకిటికైతే నేరుగా రావాలి.